ఉచ్చులు తీసే వేటగాళ్ళు

ఆదివారం. చిన్నమామ నిన్న రాత్రే ఫోన్ చేసి, "ట్యాంకరు ఆరింటికి కదుల్తాది. వస్తే రా, లేకుంటే పొణుకో" అన్నాడు. ఆయన పిలుపు ఎప్పుడూ అంతే. చంద్రగిరి దాటి మా అమ్మగారి ఊరు చేరేసరికి ట్రాక్టరు ఇంకా బోరు దగ్గరే ఉంది. కరెంటు పోయిందంట. ట్యాంకరు సగం కూడా నిండలేదు. కానగ మాను కింద మామ, ఆయన ఈడు వాళ్ళు ముగ్గురు, డిగ్రీ చదివే పిల్లలు కొందరు కూర్చుని ఉన్నారు.

ఎండాకాలం అడవి జంతువులకు ట్యాంకరుతో నీళ్ళు పోసొచ్చి, ఎవరైనా వేసిన ఉచ్చులు కనిపిస్తే తీసేసే ఈ గుంపుకు పేరూ లేదు, బోర్డూ లేదు. ఊళ్ళో 'వేటోళ్ళు' అంటారు. అందులో ఎగతాళి కొంత, పాత అలవాటు కొంత. మా తాత కాలంలో వీళ్ళ ఇళ్ళలో ఉగాది తెల్లారి కుందేళ్ళ వేట, కనుమకు అడవిపంది కూర తప్పనిసరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందని కొండకింద ఊళ్ళకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అన్నారు, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. ఒక్కోసారి ఒక్కో బోర్డు లేచింది. తాతకు చేను కాపలా కోసమని లైసెన్సు తుపాకి ఉండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల తుపాకి ఉన్నవాళ్ళు అటవీశాఖ దగ్గర కూడా పేరు రాయించుకోవాలి. ఆ తిరుగుడు పడలేక, తాత పోయిన ఏడాదే మామ దాన్ని వదిలించుకున్నాడు.

కరెంటు కోసం కూర్చున్నప్పుడే మా అక్క కొడుకు పంపిన వీడియో అందరికీ చూపించాను. వాడు పెన్సిల్వేనియాలో ఉంటాడు. వాళ్ళ పక్కింటాయన ఒక వేట క్లబ్బులో సభ్యుడంట. వీడియోలో నారింజరంగు కోట్లు వేసుకున్న పెద్దమనుషులు రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసాలు ఏరుతున్నారు. సీజన్లో కొట్టిన జింకల మాంసం కొంత పేదల భోజనాలకు ఇస్తారని కింద రాశాడు. అక్కడ తుపాకులు, తూటాల అమ్మకాల మీద ఒక పన్ను ఉంది, పొడుగు తుపాకులకూ తూటాలకూ 11 శాతం. 1937లో వచ్చిన చట్టం ప్రకారం అది ఎక్కువగా వన్యప్రాణుల పనులకే పోతుంది. బాతుల్ని కొట్టాలంటే ఏటా ఒక స్టాంపు కొనాలి. 1934లో మొదలైన ఆ స్టాంపు డబ్బుతో చిత్తడినేలలు కొని కాపాడతారు.

మామ వీడియో రెండుసార్లు చూసి, "చంపేదానికి పన్ను కట్టి, చంపింది పంచిపెట్టి, మళ్ళా రోడ్డు గూడా ఊడుస్తారా! మంచోళ్ళే" అన్నాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో తెలీలేదు. అక్కడ తోడేళ్ళు, కొండసింహాలు ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయాయి, జింకలు పెరిగిపోయి అడవిలో మొలకన్నది మిగలడం లేదు, అందుకే వేటను ఒక లెక్క ప్రకారం సాగనిస్తారని చెప్పాను.

"మనకు చిరుతుండాది గదా. ఆ పని అది చేస్తాది. దాన్ని బతకనిస్తే చాలు."

"మన దేవుడే మేలు తాతా," అన్నాడు ఒక పిల్లోడు. "కనుమనాడు పారువేటకు పోతాడు. అయ్యవార్లు ఈటె విసురుతారు. ఒక్క కుందేలు గూడా చావదు." తిరుమలలో పాపవినాశనం దారిలో పారువేట మండపం ఉంది, ఏటా ఈ ఉత్సవం అక్కడే. అందరూ నవ్వారు. నాకైతే ఆ అమెరికా వాళ్ళ తుపాకుల మీద మోజు లేదు, ఆ పన్ను మీద ఉంది. ఇక్కడ ఈ ట్రాక్టరు డీజిలు గంగమ్మ జాతర చందాలో మిగిలిన డబ్బుతో పోయిస్తున్నారు. అదీ ఈ నెలాఖరుకు అయిపోతుంది.

కరెంటు వచ్చింది, ట్యాంకరు నిండింది. అటవీశాఖ బీటు ఆఫీసరు బండి మీద వచ్చి కలిశాడు. ఆయన లేకుండా అడవి హద్దు దాటి లోపలికి పోకూడదు. అడవి అంచున సిమెంటుతో కట్టిన సాసర్ పిట్లు ఉన్నాయి, పెద్ద పళ్ళెంలా లోతు తక్కువగా, ఉడతో బల్లో పడినా ఎక్కి రావడానికి వీలుగా వాలుతో. మామ ప్రతిదాంట్లోనూ రెండు ఎండు పుల్లలు వేశాడు, తేనెటీగలు వాలి తాగడానికంట. చుట్టూ తడిసిన మట్టిలో దుప్పుల గిట్టలు, వాటిమీదుగా ముళ్ళపంది నడిచిన గుర్తులు. పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. నీళ్ళు పోసే పని ఇంతే, ఇందులో చెప్పుకునేదేమీ లేదు. ఫిబ్రవరిలో వీళ్ళే బోదగడ్డి కోసి, మంట పాకకుండా ఖాళీ బాటల్లా ఫైరు లైన్లు వేశారు, దానికి దీనికన్నా ఎక్కువ ఒళ్ళొంచాలి.

అసలు పని తిరిగొచ్చేటప్పుడు తగిలింది. వంక దాటి మామిడితోట కంచె వెంబడి వస్తున్నాం. ముందు నడుస్తున్న మామ చెయ్యి అడ్డం పెట్టి ఆగాడు. నాకేమీ కనిపించలేదు. ఉణ్ణిపొదల మధ్య పందులు తొక్కిన సన్నటి బాట, అంతే. ఆయన కట్టెతో చూపించాక తెలిసింది. బైకు క్లచ్చు వైరు. మెరవకుండా పొగలో కాల్చి నల్లగా చేశారు. నేలకు జానెడెత్తున ఉచ్చు, రెండోకొన కొయ్యకు బిగించి ఉంది. జంతువు పక్కనుంచి పోకుండా బాటకు అటూఇటూ ఎండుకంప పేర్చి ఉంది, ఏదో గాలికి పడినట్టు.

"జానెడుంది, అంటే పందికి," అన్నాడు మామ. "కుందేలుకైతే నాలుగు వేళ్ళ ఎత్తు చాలు. దుప్పికైతే మోకాటి కాడికి లేపుతారు. అయితే వైరుకు ఆ లెక్కలు తెలీవు గదరా. ఎలుగొస్తే ఎలుగు, చిరుతొస్తే చిరుత."

ఏ జంతువు ఎక్కడ తలొంచుతుందో, ఎక్కడ ఆగి వాసన చూస్తుందో ఈయనకు తెలుసు కాబట్టే వైరు కనపడింది. అటవీశాఖ కెమెరాలు పెట్టనీ, ఇంకేమైనా పెట్టనీ, ఈ చూపు ఉన్నవాళ్ళు డెబ్భై దాటినవాళ్ళు. ఆ పిల్లల్ని వెంట తిప్పేది కూడా అందుకే. వాళ్ళు ఆ కంచె వెంబడే ఇంకొన్ని తీశారు. బీటు ఆఫీసరు ఒక్కొక్కటీ ఫోటో తీసి సంచిలో వేసుకున్నాడు.

తోట కాపు గుత్తకు తీసుకున్నాయన అప్పుడే వచ్చాడు. ఉచ్చులు తాను వేయలేదన్నాడు. వేస్తే మాత్రం తప్పేముందని కూడా అన్నాడు. తుపాకితో కొట్టలేదు కదా, ఇది వేటెట్లా అవుతుందని ఆయన వాదన. చట్టంలో ఉచ్చు వేయడం కూడా వేటేనని, పంట పాడుచేసిన పందిని కొట్టాలన్నా అనుమతి కావాలని బీటు ఆఫీసరు చెప్పాడు. ఆయన వినలేదు.

"పెద్దాయనా, బెంగుళూర కాయ ఇంకా ముదరనే లేదు, అప్పుడే రాలింది రాలినట్టు మేసేస్తా ఉండాయి. డ్రిప్పు పైపులు కొరికేసినాయి. అప్పు తెచ్చి గుత్త కట్టినా. ఉచ్చులు పెరుక్కోని పోతారు, సరే. నా నష్టం మీరిస్తారా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయన అడిగిందానిలో తప్పులేదు. అడవిని కాపాడాలని ఊళ్ళో కూర్చుని చెప్పేవాళ్ళకు పైపు ఖర్చు తెలియదు. పైగా 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిపాపను పొట్టన పెట్టుకున్నప్పటి నుంచి, చిరుత ఉచ్చులో పడితే పడనీ అనేవాళ్ళు మా ఊళ్ళోనూ పెరిగారు. వాళ్ళకు చట్టం చదివి వినిపిస్తే లాభం లేదు.

మామ మాత్రం ఆయనకు నీతులు చెప్పలేదు. తోటంతా ఒక చుట్టు చుట్టొచ్చాడు. "నువ్వు కంచె అంతా కాపలా కాస్తా ఉండావు. అవి వచ్చేది వంక మూల నుంచే. అక్కడ మట్టి చూడు, నున్నగా అయిపోయింది. ఆ మూల మందంగా తుమ్మకంప కొట్టు. పైన పాతచీరలు వరసగా కట్టు, గాలికి ఆడతా ఉండాల. వారానికోసారి చీరల చోటు మార్చు, లేకుంటే అలవాటు పడిపోతాయి. కరెంటు తీగ మాత్రం లాగొద్దు, ముందు నీ కూలోళ్ళే చస్తారు."

"చీరలకు పందులు భయపడతాయా?"

"ఒక నెల పడతాయి. నీకు కావాల్సింది నెలే గదా, కాయ కోసేదాకా."

ఆయన కాస్త మెత్తబడ్డాడు గానీ ఊరికే వదల్లేదు. అయితే రాత్రి కాపలాకు ఈ పిల్లల్ని పంపమన్నాడు. కూలి బదులు కాయ ఇస్తానన్నాడు. కాయలు మాకెందుకు, ట్యాంకరుకు డీజిలు పోయించమన్నాడు మామ. అక్కడ అరగంట బేరం నడిచింది. బీటు ఆఫీసరు తన కేసు కాగితం సంగతి తాను చూసుకుంటూ పక్కకు పోయి ఫోన్లో మాట్లాడాడు. చివరకు వారానికి రెండు ట్యాంకర్ల డీజిలు, కాపలాకాసే పిల్లలకు రాత్రి సంగటి, ఊరుబిండి అని తేలింది.

మామ అక్కడే వరసలు పంచేశాడు. శనివారం రాత్రి నాకు పడింది. సోమవారం ఆఫీసుంది కదా మామా, ఆదివారమన్నా నిద్రపోనీ అంటే, "రాత్రికి టార్చి తెచ్చుకో, మా దాంట్లో సెల్లులు అయిపోయినాయి" అన్నాడు.