అరటి బోదె నుంచి నానోసెల్యులోజ్: గుణుపురం వంటింటి లాగ్

గెల కోసేశాక అరటి బోదెను మా వైపు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దూట కూరకు పోతుంది, కాస్త పశువులు తింటాయి, మిగిలింది గట్టు మీద కుళ్లుతుంది. అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. దాని నారలోని సెల్యులోజ్‌ను కంటికి కనపడనంత సన్నని పోగులుగా చీలిస్తే వచ్చేదే నానోసెల్యులోజ్. మా రాయగడ జిల్లాలోనే జేకేపూర్‌లో పెద్ద పేపర్ మిల్లు ఉన్నా నేను బోదెతోనే మొదలుపెట్టాను. చెక్కతో పోలిస్తే ఇందులో పోగులను జిగురులా పట్టి ఉంచే లిగ్నిన్ తక్కువ, అందుకే బట్టల సోడాకే చాలావరకు లొంగుతుంది.

పట్టలు విడదీసి మొద్దు కత్తితో గీకితే కండ పోయి నార మిగులుతుంది. పాత బట్టలు వేసుకోండి, అరటి మరక వదలదు. నారను అర అంగుళం ముక్కలు చేయాలి. పొడుగ్గా ఉంటే మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటుంది. నీళ్లు పిండేసిన పచ్చి నార 100 గ్రాములకు 2 లీటర్ల నీళ్లు, 100 గ్రాముల సోడా వేసి సన్నని మంట మీద 3 గంటలు ఉడికిస్తాను. గిన్నె స్టీలుదే ఉండాలి, అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. నీళ్లు తేటపడేదాకా కడిగి, మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు సోడా కలిపి గోరువెచ్చగా నానబెడితే తెల్లబడుతుంది. మూత బిగించొద్దు, లోపల ఆక్సిజన్ పుడుతుంది. గ్లవ్స్ తప్పనిసరి.

ఇక్కడి నుంచి గుజ్జును ఎండనివ్వకూడదు. అసలు కిటుకంతా ఇదే. ఎండితే సన్నని పోగులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తర్వాత ఎంత నానబెట్టినా పూర్తిగా విడిపోవు. ఫ్రీజర్‌లో పెట్టినా ఇంచుమించు అదే గతి. తడిగానే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచుతున్నాను.

లీటరు నీళ్లకు పొడి లెక్కన (అంటే ఆరితే 10 గ్రాములు తూగేంత) తడి గుజ్జు పోసి జెల్ అయ్యేదాకా మిక్సీ వేస్తాను. నిమిషం తిప్పి, మోటారు చల్లారేదాకా ఆపుతాను. "ఇందులో ఇక పచ్చడి రుబ్బను" అని వదిన తేల్చి చెప్పేసింది, కాబట్టి పాత మిక్సీ ఇప్పుడు నాదే. 1970ల చివర్లో అమెరికాలోని రేయోనియర్ ల్యాబ్‌లో టర్బాక్ బృందం చెక్క గుజ్జును పాల హోమోజెనైజర్‌లోంచి ఒత్తిడితో పంపి ఈ జెల్ తీసింది. మిక్సీకి అంత బలం ఎక్కడిది? నాకు వచ్చేది 100 నానోమీటర్ల లోపు పోగులూ, వాటికంటే చాలా లావు పోగులూ కలిసిన సరుకు. పేరుకు నానో అంటున్నాను గానీ, నిజాయితీగా చెప్పాలంటే మైక్రో, అంటే లావు పోగుల పాలే ఎక్కువ.

ఎంత నలిగిందో చూడటానికి మైక్రోస్కోప్ లేదు. చెంచాడు జెల్‌ను పొడుగు గాజు గ్లాసు నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచుతాను. ముతక గుజ్జు అడుగున పేరుకుంటుంది, బాగా చీలింది మాత్రం తెల్లగా తేలుతూ ఉంటుంది. ఒకే గ్లాసు, ఒకే మోతాదు వాడితే ఒక వాయినీ ఇంకో వాయినీ పోల్చడానికి ఇది చాలు.

ఫిల్మ్ (పలచటి షీటు) కోసం ఏ4 సైజు ప్లాస్టిక్ ట్రేలో 200 మిల్లీలీటర్ల జెల్ పోస్తాను. ఎండలో పెడితే అంచులు లేచి ముడుచుకుంటుంది. నీడలో ఫ్యాన్ కింద సగం ఆరనిచ్చి, రెండు నూలు గుడ్డల మధ్య పెట్టి పైన బరువు ఉంచితే చదునుగా వస్తుంది. వానాకాలంలో ఆరడం మహా నిదానం. వచ్చిన షీటు ట్రేసింగ్ పేపర్‌లా ఉంది, ఆడిస్తే గలగలలాడుతుంది.

నాకు ఎక్కువ నచ్చింది పూత. బ్రౌన్ పేపర్ మీద జెల్‌ను బ్రష్‌తో పలచగా రెండు కోటింగ్‌లు వేసి, ఆరాక వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టాను. మామూలు పేపర్ దాటి నూనె చేతికి అంటింది, పూత ఉన్నది బయటికి పొడిగానే ఉంది. కొబ్బరి చట్నీ తగిలిన చోట మాత్రం మెత్తబడి ఊడింది. సెల్యులోజ్ నూనెను ఆపుతుంది గానీ నీళ్లను పీల్చి ఉబ్బుతుంది మరి. తర్వాతి వాయిలో పై పొరగా తేనెమైనం రుద్ది చూస్తాను. ఫిల్మ్ మడిస్తే విరుగుతోంది, దానికి కొంచెం గ్లిజరిన్ కలపాలి.