ఆరుసార్లా, ఏడుసార్లా?

విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయ నృత్య విభాగంలో ఏటా మార్చి నెలలో, వార్షిక పరీక్షలకు ముందు, విద్యార్థులూ అధ్యాపకులూ ఒకే సాయంత్రం ప్రదర్శనలిస్తారు. ఆ సాయంత్రం జరిగే కూచిపూడి నాట్యానికి గాత్రం నాది, అంటే పాడేది నేను. నేను అక్కడి ఉద్యోగిని కాను. పగలు ఒక బడిలో పిల్లలకు సంగీతం చెప్పుకునే మనిషిని. అయినా పన్నెండేళ్లుగా పాడుతున్నందువల్ల ఆ విభాగంలో ఎవరి అడుగు ఏ తాళంలో తడబడుతుందో, ఎవరికి ఏ శ్రుతిలో పాడితే ముఖం విచ్చుకుంటుందో నాకు కొంత తెలుసు. వేదికకు ఒక పక్కన, మృదంగానికీ వయొలిన్‌కూ నడుమ కూర్చునే నాకు నర్తకి ముఖం పూర్తిగా కనబడదు. ప్రేక్షకులు చూసే చిరునవ్వు నాకు సగమే దక్కుతుంది. దానికి బదులుగా మెడ మీద కారే చెమట, దూకి దిగేటప్పుడు మడమ నేలను తాకే తీరు, తీర్మానం (అడుగుల వరుసను ముగించే చివరి భాగం) అయిపోగానే పక్కకు తిరిగి గబుక్కున పీల్చుకునే ఊపిరి, ఇవన్నీ నాకు అతి దగ్గరగా కనిపిస్తాయి. ముందు వరుసలో కూర్చున్న ముఖ్య అతిథికి కనిపించనిది నాకు కనిపిస్తుందని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. ఈ ఏడాది ఆ గర్వానికి చిన్న దెబ్బ తగిలింది.

ప్రదర్శనకు వారం ముందు ప్రతి విద్యార్థినీ నాకొక కాగితం ఇస్తుంది. అందులో సాహిత్యంలోని ప్రతి పంక్తి పక్కనా దాన్ని ఎన్నిసార్లు పాడాలో అంకె వేసి ఉంటుంది. పల్లవికి నాలుగు, అనుపల్లవికి రెండు, సంచారి ఉన్న పంక్తికి ఆరు, ఇలా సాగుతుంది. సంచారి అంటే తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. పాడేవారు ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ పాడుతూ ఉంటే, నర్తకి ప్రతిసారీ ఆ పంక్తిలోని భావాన్ని ఒక కొత్త సన్నివేశంగా విస్తరిస్తూ పోతుంది. స్వామి రాలేదన్న ఒక్క మాటకు ఒకసారి తలుపు వైపు చూస్తుంది, ఒకసారి తాను కట్టిన పూలమాల వాడిపోవడాన్ని చూపిస్తుంది, ఇంకొకసారి చెలికత్తె మీద అకారణంగా కోపం తెచ్చుకుంటుంది. మాట మారదు, మనసు మారుతుంది. విద్యార్థులు ఈ మార్పులన్నిటినీ ముందే లెక్కగట్టి, వరుసగా కంఠస్థం చేసి వస్తారు. "మేడమ్, ఇక్కడ ఆరుసార్లే. ఏడోసారి పాడారంటే నాకు చెయ్యడానికేమీ మిగలదు" అని ఒక అమ్మాయి నన్ను దాదాపు బతిమాలుకుంది.

వారి గురువుగారు మాత్రం నాకెన్నడూ కాగితం ఇవ్వలేదు. "మీరు పాడుతూ ఉండండి, నేను చెబుతాను" అంటారు, కానీ నోటితో చెప్పేదేమీ ఉండదు. ఆమె ఎడమ భుజం కొద్దిగా దిగితే ఆ సన్నివేశం అయిపోయిందని నాకు అర్థం; దిగకపోతే ఇంకా ఏదో ఉందని అర్థం. ఒక ఏడాది క్షేత్రయ్య పదంలో, అంటే ఆయన పాటలో, ఒకే పంక్తిని నేను ఎన్నిసార్లు పాడానో నాకే తెలియదు. ప్రతిసారీ అదే పాడుతున్నానన్న విసుగు రాకుండా సంగతులు, అంటే ఆ పంక్తిని పాడే తీరులు, మార్చుకుంటూ, ఆమె చేతి వేళ్లను చూస్తూ, ఒకచోట గొంతు తగ్గించి, మరోచోట పదాన్ని విరిచి పాడుతూ పోయాను. పాటకు నర్తకి తోడా, నర్తకికి పాట తోడా అన్నది అటువంటి వేళ చెప్పలేము.

ఈ తేడాను నేను చాలాకాలం అనుభవం వల్ల వచ్చేదని మాత్రమే అనుకున్నాను. వయసు పెరిగితే పిల్లలకూ అదే వస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. గురువు ఎక్కడ నిలబడి నేర్పుతున్నారన్న దానిలోనే కిటుకు ఉందనిపిస్తోంది.

పాత కూచిపూడి మేళాలలో, అంటే నాట్య బృందాలలో, గురువు ప్రేక్షకులలో కూర్చునే మనిషి కాదు. సిద్ధేంద్ర యోగి రూపమిచ్చాడని సంప్రదాయం చెప్పే భామాకలాపంలో, అంటే సత్యభామ కథను ఆడే నృత్యనాటకంలో, సూత్రధారుడు తాళాలు చేతబట్టి వేదిక మీదే నిలబడతాడు. నట్టువాంగం చేస్తాడు, అంటే తాళాలు మోగిస్తూ అడుగుల లెక్కను నోటితో పలుకుతాడు; పాడతాడు, సత్యభామ ఎదుట ఆమె చెలికత్తె మాధవి అవుతాడు, కృష్ణుడి ఎదుట ఆయన చెలికాడు మాధవుడు అవుతాడు. సత్యభామ వేషం కట్టిన కుర్రవాడు దరువులో, అంటే ఆ పాత్ర పాటలో, తడబడితే సూత్రధారుడు మాధవిగా ఒక కొంటె ప్రశ్న వేసి వాణ్ణి దారిలోకి తెస్తాడు. ప్రేక్షకులకు అది హాస్యంగా వినిపిస్తుంది, కుర్రవాడికి పాఠంగా వినిపిస్తుంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు నేర్పడం, 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించడం వంటి మార్పులు వచ్చిన తరువాత కూడా గురువు నట్టువాంగం చేస్తూ వేదిక పక్కనైనా ఉండేవారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ వచ్చాయి. నాట్యం డిగ్రీ అయింది, పరిశోధన అయింది, ఆడపిల్లలు నాట్యం చదువుతామని ఇంట్లో ధైర్యంగా చెప్పగలిగారు. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. అయితే ఆ క్రమంలోనే గురువుకు ఒక కుర్చీ, హాజరు పట్టీ, మార్కుల జాబితా దక్కాయి; వేదిక మీది చోటు మాత్రం కొంత జారిపోయింది.

ప్రాక్టికల్ పరీక్ష చూసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు బల్ల వెనుక కూర్చుంటారు. అభినయ దర్పణమనే నాట్యగ్రంథంలోని 28 అసంయుత హస్తాలలో (ఒంటి చేతి ముద్రలలో) ఏదో ఒకదాన్ని దేనిదేనికి వాడతారో, అంటే దాని వినియోగాలు, అడుగుతారు; పిల్ల పతాక హస్తం పట్టి నాట్యారంభం, మేఘం, అడవి అంటూ శ్లోకం వల్లిస్తుంది. ఏదైనా ఒక జతిని, అంటే అడుగులకు పలికే అక్షరాల వరుసను, చేత్తో తాళం వేస్తూ చెప్పమంటారు. ఇదంతా అవసరమే. కానీ ఆ గదిలో మేఘం ఒక జవాబు మాత్రమే. అదే పతాక హస్తాన్ని గురువుగారు సాయంత్రం ప్రదర్శనలో ఎత్తి, నెమ్మదిగా వేళ్ల కొసల దాకా చూపు పోనిచ్చినప్పుడు, బాల్కనీలో కూర్చున్న మా మేనత్త, నాట్యం గురించి ఏమీ తెలియని మనిషి, తుపాను ముందరి భీమిలి సముద్రం గుర్తొచ్చిందని చెప్పింది.

ఆ సాయంత్రపు కార్యక్రమ క్రమం మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉండేది. మొదట డిప్లొమా పిల్లల పూజానృత్యం, తరువాత శబ్దాలనే నృత్యాంశాలు, తరువాత పీజీ వాళ్ల తరంగం, చిట్టచివర అధ్యాపకుల అంశాలు. తరంగానికి చప్పట్లు దద్దరిల్లుతాయి. ఇత్తడి పళ్లెం అంచుల మీద కాళ్లు, తల మీద నీళ్ల చెంబు ఉంటే చప్పట్లకు కొదవేముంది. కానీ ఎవరి పిల్ల అంశం అయిపోగానే వాళ్ల కుటుంబం లేచిపోతుంది. గాజువాక, పెందుర్తి, అనకాపల్లి వెళ్లవలసినవారికి ఆలస్యమవుతుందన్న మాట నిజమే. మేకప్ తుడుచుకోకుండానే కనకాంబరాల జడతో బైకు వెనుక కూర్చుని వెళ్లే పిల్లలను చూస్తే ముచ్చటగానే ఉంటుంది. తీరా గురువుగారు గజ్జె కట్టే వేళకు హాలులో సగం కుర్చీలు ఖాళీ. మరీ బాధాకరమైన విషయమేమిటంటే, ఆమెను చూసి నేర్చుకోవలసిన పిల్లలలోనే సగం మంది అప్పటికి ఇల్లు చేరి ఉంటారు. ఈ మాట నేను రెండుసార్లు చెప్పి చూశాను. పెద్దలను చివర పెట్టడమే మర్యాద అని జవాబు వచ్చింది.

మరొక ఫిర్యాదు రికార్డింగుల గురించి. మృదంగం, వయొలిన్, వేణువు, గాత్రం అన్నిటికీ పారితోషికం ఇవ్వడం ప్రతిసారీ సాధ్యం కాదు కాబట్టి కింది తరగతుల పిల్లలు పెన్‌డ్రైవ్‌లోని పాటకు ఆడుతున్నారు. నా పొట్ట మీద దెబ్బ కాబట్టి అంటున్నానని అనుకుంటే అనుకోనివ్వండి. మొదటి ఏడాది పిల్లకు రికార్డింగు ఊతకర్ర వంటిదని నేనూ ఒప్పుకుంటాను. కాలప్రమాణం మారదు, భయం తగ్గుతుంది. కానీ పెన్‌డ్రైవ్ ఎవరి భుజాన్నీ చూడదు. అందులో ఆరుసార్లు ఉంటే ఆరుసార్లే. అయిదోసారికే మనసు నిండినా ఆరోసారి ఆడి తీరాలి, ఆరోసారికి ఏదో కొత్తగా తట్టినా ఏడోసారి రాదు. మూడేళ్లు అలా ఆడిన పిల్ల నా ముందుకు వచ్చి అంకెలు వేసిన కాగితం ఇవ్వడంలో ఆశ్చర్యపడవలసింది ఏముంది?

రెండేళ్ల క్రితం ఇదే వేదిక మీద విద్యార్థులు తప్పెటగుళ్లు ప్రదర్శించారు. నేర్పడానికి విజయనగరం వైపు పల్లె నుంచి ఒక బృందం వచ్చింది. రొమ్ముకు కట్టుకున్న తప్పెటలను వాయిస్తూ, పాడుతూ, గజ్జెల కాళ్లతో గెంతుతూ, ఆ బృందంలోని పెద్దాయన పిల్లల నడుమే ఆడాడు. ఒడ్డున నిలబడి లెక్క చెప్పలేదు. అడుగు మార్చాలంటే ఆయన ఒక కేక వేసేవాడు, అంతే. అరకు లోయ ధింసాలోనూ అంతే కదా, ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకున్న ఆ వరుసలో నేర్చినవారూ నేర్చుకుంటున్నవారూ అని విడివిడిగా ఉండరు. ఆ రోజు పిల్లలెవరూ నాకు కాగితం ఇవ్వలేదు, నా అవసరమే రాలేదు. పక్కన కూర్చుని హాయిగా చూశాను.

దాని ప్రభావమో, నా నస ప్రభావమో తెలియదు కానీ, ఈ ఏడాది గురువుగారు క్రమం మార్చారు. చివర తన అంశం పెట్టుకోలేదు. కార్యక్రమం నడుమ భామాకలాపంలోని ఒక భాగాన్ని తీసుకుని, పీజీ రెండో ఏడాది చదివే అమ్మాయిని సత్యభామగా నిలబెట్టి, తాను తాళాలు పట్టుకుని మాధవిగా పక్కన నిలిచారు. ఆమెకు మోకాళ్ల నొప్పి ఉంది. మోకాళ్లు వంచి నిలిచే అరమండిలో ఎక్కువసేపు ఉండలేరు, గెంతులు మానేసి రెండేళ్లయింది. మాధవికి గెంతులు అక్కర్లేదు. మాట కావాలి, కన్ను కావాలి, ఎదుటి మనిషిని ఆటపట్టించే తెలివి కావాలి.

రిహార్సల్స్ పదిహేను రోజులు జరిగాయి. ఫ్యాన్లు తిరుగుతున్నా ఒళ్లు తడిసి ముద్దయ్యే విశాఖ ఉక్కలో, కిటికీలు మూసుకుని, అదే భాగాన్ని రోజూ చేశారు. ఆ అమ్మాయిని అన్నిటికంటే భయపెట్టింది వాచికం. కూచిపూడిలో పాత్ర తానే మాట్లాడాలి. జతి ముగించి రొప్పుతూ ఉన్నప్పుడే మైకులో మాట స్పష్టంగా రావాలి. భర్త పేరేమిటని మాధవి అడుగుతుంది, పేరు చెప్పడానికి సత్యభామ సిగ్గుపడుతుంది. అమ్మాయి మొదట్లో ఆ సిగ్గును కూడా లెక్కపెట్టి పడేది: తల దించడం ఒకటి, కొంగు వేలికి చుట్టుకోవడం రెండు, పక్కచూపు మూడు. గురువుగారు ప్రతిరోజూ ప్రశ్నను వేరేలా అడిగేవారు. ఒకరోజు గట్టిగా, ఒకరోజు చెవిలో చెప్పినట్టు, ఒకరోజు అసలు అడగకుండా ఊరికే చూస్తూ. వారం గడిచేసరికి అమ్మాయి లెక్క తప్పింది. ఆ తప్పడం చూసి మృదంగం ఆయన నా వైపు తిరిగి నవ్వారు.

ప్రదర్శన రోజున సత్యభామ విరహపు పంక్తి వచ్చింది. నా కాగితంలో ఆరు అని ఉంది. ఆరోసారి చివర ఆమె కళ్లు తుడుచుకుని పక్కకు తిరగాలి. తిరగలేదు. చెయ్యి గాలిలో అలాగే ఉంది, దేన్నో వింటున్నట్టు తల కొద్దిగా వంచింది. నేను చూడలేదు. నిజం చెప్పాలంటే కాగితం వైపు చూస్తున్నాను. ఆరు అయింది కదా అని తరువాతి పంక్తి ఎత్తుకున్నాను, మృదంగం నా వెంట వచ్చింది. ఆమె ఆ చేతిని అక్కడికక్కడే మడిచి, తరువాతి భావంలోకి దూకి, ఏమీ జరగనట్టు కలుపుకుంది. ప్రేక్షకులకు తెలియలేదు. తాళాలు మోగిస్తున్న గురువుగారు మాత్రం ఒక్క క్షణం నా వైపు చూశారు.

ముగిశాక గ్రీన్‌రూమ్‌లో క్షమించమని అడగబోతే అమ్మాయే ముందుగా, "తప్పు నాదే మేడమ్, కాగితంలో ఆరని నేనే రాశాను కదా" అంది. గురువుగారు గజ్జెలు విప్పుకుంటూ, తలెత్తకుండా, "ఆవిడ రాసింది సరే, మీరెందుకు కాగితం చూశారు?" అన్నారు. పన్నెండేళ్లుగా ఆమె భుజాన్ని చూస్తూ పాడిన నేను, విద్యార్థి అనేసరికి భుజం చూడవలసిన పని లేదనుకున్నాను. జవాబు చెప్పలేకపోయాను.

ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్షకు ఆ అమ్మాయి అదే అంశం ఎంచుకుంది. పాత కాగితమే తెచ్చింది. ఆ పంక్తి పక్కనున్న ఆరును కొట్టేసి ఉంది, దాని బదులు మరే అంకే వేయలేదు. కాగితాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుని పాడాను. పరీక్షకులు బల్ల వెనుక రాసుకుంటూ ఉండగా, ఆమె ఆ పంక్తిని నాలుగుసార్లతోనే ముగించింది.