డ్యూటీ దిగినా తలలోంచి దిగని వార్డు

నర్సింగ్ చదివేటప్పుడు అందరూ చెప్పింది ఒళ్లు హూనమవుతుందనే. కాళ్లు లాగుతాయి, నడుం పట్టేస్తుంది, నైట్ డ్యూటీలు మొదలైతే నిద్ర గతి తప్పుతుంది అన్నారు. అవన్నీ జరిగాయి, తట్టుకున్నాను కూడా. నన్ను తినేసింది మాత్రం వేరే. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా వార్డు నా తలలోంచి దిగేది కాదు. స్నానం చేస్తుంటే ఏడో బెడ్ పేషెంట్‌కి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంప్ రేటు ఎంత పెట్టానో గుర్తొచ్చేది. అన్నం ముందు కూర్చుంటే పొటాషియం రిపోర్టు డాక్టర్‌కి చెప్పానా లేదా అని అనుమానం. చెప్పాను, కేస్ షీట్‌లో రాశాను కూడా. అయినా మనసు ఊరుకోక వార్డుకి ఫోన్ చేసేదాన్ని. అవతల సిస్టర్ "అంతా బాగానే ఉందమ్మా, పడుకో" అనేది. పడుకునేదాన్ని గానీ నిద్ర పట్టేది కాదు.

కొన్ని నెలలకి ఆ టెన్షన్ తగ్గింది. దాని స్థానంలో వచ్చింది చూసి ఇంకా కంగారుపడ్డాను. కాలింగ్ బెల్ మోగితే ముందు చిరాకు పుట్టేది. ఒక పెద్దావిడ పక్కకి తిప్పమని అడిగితే జాగ్రత్తగానే తిప్పాను, వీపు కింద దిండు సర్దాను, చర్మం ఎక్కడైనా ఎర్రబడిందా అని చూశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండు తల్లీ" అంది. నాలో ఏమీ కదల్లేదు. ఏ పని కోసం ఈ చదువు ఎంచుకున్నానో ఆ పనే చేస్తూ ఏమీ అనిపించకపోవడంతో నాకు చాలా భయం వేసింది.

ఆ రోజుల్లోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ని జబ్బుగా కాకుండా ఉద్యోగంతో ముడిపడిన స్థితిగా చెప్పారు. శక్తి పూర్తిగా అయిపోయినట్టుండటం, పని మీద విరక్తి లేదా దూరం, ఏమీ సరిగ్గా చేయలేకపోతున్నామన్న భావన, ఇవీ దాని మూడు లక్షణాలు. నాకు మూడూ ఉన్నాయి. మార్లీన్ క్రేమర్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1974లోనే కొత్త నర్సులు చదువుకున్నదానికీ వార్డులో కనపడేదానికీ మధ్య ఎలా నలిగిపోతారో రాశారు. దానికి రియాలిటీ షాక్ అని పేరు పెట్టారు.

నాకు అన్నిటికంటే ఊరట ఇచ్చింది మాత్రం ప్యాట్రిషియా బెన్నర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1980లలో చెప్పిన విషయం. నర్సు నైపుణ్యం ఐదు దశల్లో ఎదుగుతుందంటారు ఆవిడ. అందులో మూడోది, అంటే పనిని ముందే ఆలోచించి ఒక వరుసలో పెట్టుకోగలిగే దశ, అదే రకం పనిలో రెండు మూడేళ్లు ఉన్నాక వస్తుందట. నేనేమో మొదటి ఏడాదిలోనే పదేళ్ల సీనియర్‌తో పోల్చుకుని ఈ ఉద్యోగానికి పనికిరానని రోజూ కుమిలిపోతున్నాను.

ఒక సీనియర్ సిస్టర్‌కి ఇదంతా చెప్పుకున్నాను. ఆవిడ ధైర్యం చెప్పి వదిలేయకుండా మర్నాడు నేను డ్యూటీ దిగేముందు పేషెంట్లని తర్వాతి నర్సుకి అప్పజెప్పే హ్యాండోవర్‌కి పక్కనే నిలబడింది. అప్పటిదాకా నేను నర్సుల స్టేషన్‌లో కూర్చుని గబగబా అప్పజెప్పేదాన్ని. "బెడ్ దగ్గర చెప్పు" అంది. అప్పటి నుంచి ప్రతి బెడ్ దగ్గరా ఆగి, వచ్చిన నర్సూ నేనూ కలిసి పంప్ మీద రేటు చూస్తాం, చార్ట్‌లో ఆర్డర్‌తో సరిపోల్చుకుంటాం, మందు ఎక్కించే సన్న గొట్టం, అంటే క్యాన్యులా పెట్టిన చోట వాపు ఉందేమో చూస్తాం. ఇప్పుడెలా ఉన్నారు, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, ఇక ఏం చేయాలి, ఈ వరుసలో చెప్తాను. ఎస్‌బార్ అని క్లాసులో చదువుకున్నదే ఇది, పరీక్ష కోసం బట్టీపట్టాం. దాని విలువ నాకు అక్కడే తెలిసింది. నాతో పాటు ఇంకో మనిషి కళ్లారా చూసిందన్న నమ్మకం కుదిరాక ఇంటి దగ్గర అనుమానాలు సగానికి సగం తగ్గాయి. మిగతా సగం జేబులో కాగితంతో పోయింది. షిఫ్టంతా నోట్ చేసుకున్న ఆ కాగితాన్ని చివరిసారి చదివి, మిగిలిన పనులు అప్పజెప్పి, వార్డులోనే చింపేసి వస్తాను. పేషెంట్ల వివరాలు ఎలాగూ బయటికి తీసుకురాకూడదు కదా.

నిద్ర విషయంలో మొండిగా ఉండాల్సి వచ్చింది. కాఫీలోని కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, అందుకని నైట్ డ్యూటీలో అర్ధరాత్రి దాటాక మానేశాను. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా తగ్గుతుంది, మగత ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఆ సమయంలో మందుల డోసు లెక్కలు ఒకటికి రెండుసార్లు, వీలైతే ఇంకొకరితో చూయిస్తాను. పగలు పడుకునేటప్పుడు గది చీకటి చేసి ఫోన్ ఇంకో గదిలో పెడతాను.

కౌన్సిలర్ దగ్గరికి కూడా వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది, సెలవు రోజున ఎలా ఉంటుందని. డ్యూటీకి దూరంగా ఉంటే మనసు తేలికపడుతుందా, లేక ఎక్కడున్నా ఏదీ ఇష్టంగా అనిపించదా అని. రెండోదైతే డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించుకోవాలి అంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. పేషెంట్లకి మనమే చెప్పే మాట ఇది, మన దాకా వస్తే ఎందుకో దాచుకుంటాం.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. యోగా చెయ్యి, పాజిటివ్‌గా ఉండు అని నర్సుకి చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఏకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకి ఒక్కో పేషెంట్ పెరిగే కొద్దీ బర్నౌట్ అవకాశం 23 శాతం, ఆపరేషన్ పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ లెక్క పట్టుకుని, సీనియర్ సిస్టర్‌ని వెంటబెట్టుకుని ఇంచార్జ్ సిస్టర్‌తో మాట్లాడాను. స్టాఫ్‌ని పెంచడం తన చేతుల్లో లేదంది. కానీ నైట్ దిగిన మర్నాడే మార్నింగ్ వేయడం ఆపింది. సీరియస్ పేషెంట్లందర్నీ ఒకే కొత్త నర్సుకి ఇవ్వకుండా పంచుతోంది. మిగతాది మేమింకా అడుగుతూనే ఉన్నాం.