అటక మీది క్యాసెట్లు కంప్యూటర్లోకి: నా అనుభవం

తీరిక దొరికితే ఫొటోలు తీస్తాను. పాటలు వింటాను. పాత గాడ్జెట్లు కనిపిస్తే విప్పి చూస్తాను, వాటిలో సగం మళ్ళీ బిగించగలుగుతాను కూడా. ఈ మూడు పిచ్చులకీ ఒకేసారి పని పడింది, అటక మీద అట్టపెట్టెలో ఇరవై ఆరు క్యాసెట్లు దొరికాక.

అన్నయ్య వయొలిన్ నేర్చుకునే రోజుల్లో నాన్న పక్కన టేప్ రికార్డర్ పెట్టి ఆ సాధనంతా రికార్డ్ చేసేవారు. మధ్యలో తలుపు చప్పుళ్ళు, నా ఏడుపు, నాన్న దగ్గు. ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం రెండు ఆదివారాల పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. అందులో సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నది తక్కువ. ఎక్కువ భాగం ఒక స్క్రూ దగ్గర, ఒక రబ్బరు బెల్టు దగ్గర గడిచిపోయింది.

మొదట లేబుళ్ళ సంగతి చూశాను. క్యాసెట్ల మీద నాన్న బాల్‌పెన్నుతో రాసిన నీలం రాత చాలావరకు వెలిసిపోయింది. కళ్ళకి అందని అక్షరాలు కెమెరాకి అందుతాయేమోనని కిటికీ పక్కన పెట్టి ఒక్కొక్కటీ ఫొటో తీశాను. ప్లాస్టిక్ డబ్బాలోంచి కార్డు బయటికి తీసి, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెడితే మెరుపు రాదు. ఆ ఫొటోని ఎడిటింగ్‌లో రెడ్ ఛానల్ ఒక్కటే ఉంచి బ్లాక్ అండ్ వైట్ చేస్తే నీలం సిరా నల్లగా తేలింది. నీలం సిరా ఎర్రటి వెలుగుని మింగేస్తుంది కాబట్టి ఆ ఛానల్లో అది చీకటిగా పడుతుంది. తారీఖులు చాలావరకు బయటపడ్డాయి. పెన్సిల్‌తో రాసినవాటికి ఈ చిట్కా పనిచేయలేదు. కానీ వెలుతురు మరీ వాలుగా కొట్టేసరికి కాగితం మీద పడిన నొక్కులు కనిపించి అవీ చదవగలిగాను.

ఆ తర్వాత ప్రతి క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేశాను. అవి లేకపోతే రికార్డ్ బటన్ లోపలికి దిగదు. ఈ జాగ్రత్త నాకు ముందే తోచలేదు. టేప్ డెక్ బాగుచేసిన మొదటి రాత్రి ప్లే, రికార్డ్ రెండూ కలిపి నొక్కేశాను. మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో అన్నయ్య ఏం వాయించాడో ఇక ఎవరికీ తెలియదు.

ఆ టేప్ డెక్, అంటే క్యాసెట్లు వినిపించే మెషీన్, కూడా అటక మీదే దొరికింది. ప్లగ్ పెడితే లైటు వెలిగింది, మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చింది, క్యాసెట్ మాత్రం కదల్లేదు. విప్పి చూస్తే మోటారు నుంచి చక్రానికి వెళ్ళే రబ్బరు బెల్టు తారులా కరిగి అంటుకుపోయి ఉంది. పాత బెల్టులు కొన్నిటికి ఇదే గతి. వేలికి అంటితే సబ్బుకి పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, ఒక సాయంత్రం మొత్తం. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను, ఏ స్క్రూ ఎక్కడిదో కూడా. నేను తీసిన ఫొటోలన్నిటిలో నాకు నిజంగా అక్కరకొచ్చినవి ఇవే కావచ్చు. కొత్త బెల్టు కోసం పాతదాన్ని కొలుద్దామంటే కొలవడానికి అది మిగిలితేగా! చక్రాల చుట్టూ దారం చుట్టి కొలిచి, దానికన్నా కొంచెం పొట్టి బెల్టు తెప్పించాను.

అదే ఊపులో టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌నీ, టేపుని లాగే సన్నటి ఇనుప కడ్డీనీ, దాన్ని నొక్కిపట్టే రబ్బరు రోలర్‌నీ తుడిచాను. దూది గోధుమ రంగుకి తిరిగింది. అది ఏళ్ళ తరబడి టేపుల మీంచి రాలిన పొడి.

డెక్ పాడింది. కానీ దుప్పటి కప్పుకుని పాడినట్టు. వయొలిన్‌లో ఉండాల్సిన గీకుడు, విల్లు తగిలే చప్పుడు ఏమీ లేవు. టేపులు పాడైపోయాయనే అనుకుని సాఫ్ట్‌వేర్లో ట్రెబుల్ పెంచాను. బుస్సుమనే చప్పుడు పెరిగింది తప్ప వయొలిన్ రాలేదు. అలా మూడు క్యాసెట్లు ఎక్కించేశాక తెలిసింది, తప్పు టేపులది కాదని.

హెడ్ మీద కంటికి కనిపించనంత సన్నటి చీలిక ఉంటుంది. అది టేపు నడిచే దారికి సరిగ్గా అడ్డంగా, తొంభై డిగ్రీల్లో ఉండాలి. రికార్డ్ చేసిన మెషీన్లో అది రవ్వంత వాలి ఉంటే, వినిపించే మెషీన్లో కూడా అంతే వాలి ఉండాలి. లేకపోతే ముందుగా పోయేవి కీచుగా ఉండే పై శబ్దాలే. క్యాసెట్ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, సెకనుకి 4.76 సెంటీమీటర్లు మాత్రమే నడుస్తుంది. నడక ఇంత నెమ్మది కాబట్టే రవ్వంత వాలు కూడా ఇంత పని చేస్తుంది. ఫిలిప్స్ 1963లో దీన్ని బయటికి తెచ్చినప్పుడు జేబులో పట్టడం ముఖ్యం, మాటలు రికార్డయితే చాలు. తర్వాత దీనిమీద జనం ఇంత సంగీతం మోయించారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హెడ్ పక్కన రెండు స్క్రూలుంటాయి. ఒకటి గట్టిగా బిగించి ఉంటుంది, రెండోదాని కింద స్ప్రింగ్ ఉంటుంది. ఆ రెండోదే మనది. ముందు ఫొటో తీసుకున్నాను, స్క్రూ తల మీది గాడి ఏ దిక్కుకి ఉందో గుర్తు ఉండటానికి. తర్వాత క్యాసెట్ పాడుతుండగా, ఎడమ కుడి ఛానల్స్ రెండూ మోనోగా కలిపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, స్క్రూడ్రైవర్‌ని వెంట్రుకవాసి తిప్పాను. మోనోగా కలపడం ఎందుకంటే, వాలు తేడా ఉంటే రెండు ఛానల్స్‌లోని పై శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడా ఇట్టే తెలుస్తుంది. ఇటు తిప్పితే ఇంకా మూసుకుపోయింది. అటు తిప్పితే, పావు చుట్టు కూడా తిప్పలేదు, గదిలో దుప్పటి ఎవరో లాగేసినట్టయింది. విల్లు తీగ మీద పడటం, అన్నయ్య పేజీ తిప్పడం, నాన్న కుర్చీ కిర్రుమనడం. నేను స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని ఆ పక్క మొత్తం వినేశాను, రికార్డ్ చేయడం మర్చిపోయి.

ఎక్కించిన మూడూ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇరవై ఒక్క క్యాసెట్లకి స్క్రూ దాదాపు ఒకే చోట కుదిరింది. మిగిలిన ఐదింటికి ఇంకో చోట. అవి వేరే టేప్ రికార్డర్ మీద చేసినవని అప్పుడు అర్థమైంది.

కంప్యూటర్ వైపు పని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో వైరు పెట్టొద్దు, అది మైక్ కోసం చేసింది, చాలావాటిలో మోనోయే వస్తుంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకున్నాను. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఎంత పెద్ద శబ్దం వచ్చినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టాను. గంట క్యాసెట్‌కి ఒక జీబీ కొంచెం పైన వస్తుంది. ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే బాగా తగ్గుతుంది, శబ్దంలో ఏమీ పోదు. నాయిస్ రిడక్షన్ ఒక్కసారి గట్టిగా వాడి చూశాను. నాన్న నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఆ బుస్సు అలాగే ఉండనిచ్చాను. రెండు నిమిషాలు విన్నాక చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

మొదటి ఫైలు అన్నయ్యకి పంపితే పొంగిపోతాడనుకున్నాను. గంట తర్వాత ఫోన్ చేసి, "ఒరేయ్, ఇది నా శ్రుతి కాదురా. నేనెప్పుడూ ఇంత పైన కట్టలేదు" అన్నాడు. వయొలిన్ చేతిలో పట్టుకునే చెబుతున్నాడు, వాదించి లాభం లేదు.

డెక్ వేగంగా తిరుగుతోందన్నమాట, లేదా నాన్న టేప్ రికార్డర్ అప్పట్లో నెమ్మదిగా తిరిగిందన్నమాట. ఎంత తేడానో ఎలా తెలుస్తుంది? కొలవడానికి టేపులో ఏదో ఒక కచ్చితమైన గుర్తు ఉండాలి. అన్నయ్య శ్రుతి రోజుకో రకంగా ఉండేది, అది గుర్తుగా పనికిరాదు. రెండు రోజులు తల పట్టుకున్నాక దొరికింది: కరెంటు. టేప్ రికార్డర్ని ప్లగ్‌లో పెట్టి రికార్డ్ చేసినప్పుడల్లా ఆ గుంయ్‌మనే మోత కూడా సన్నగా టేపులోకి ఎక్కుతుంది. మాకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ (కొన్ని దేశాల్లో 60). దాని మూడింతలు, 150 దగ్గర కూడా మోత ఉంటుంది, అక్కడ తేడా చూడటం సులువు.

అన్నయ్య వాయించని చోట, నిశ్శబ్దంగా ఉన్న అర నిమిషం కోసి, స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫ్) గీయించాను. 150 దగ్గర ఒక శిఖరం. దాని పక్కనే 153.9 దగ్గర ఇంకోటి! ముందు కంగారుపడ్డాను. తర్వాత క్యాసెట్ ఆపేసి, డెక్ ఆన్‌లోనే ఉంచి, ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డ్ చేశాను. ఈసారి 150 ఒక్కటే మిగిలింది. అంటే అది ఇప్పటి మా ఇంటి కరెంటు, డెక్ నుంచి వస్తోంది. 153.9 మాత్రం నాన్న రికార్డ్ చేసిన ఆ సాయంత్రపు కరెంటు. 2.6 శాతం ఎక్కువ వేగం. అర స్వరం కూడా కాదు, అందులో సగానికి కొంచెం తక్కువ. దాన్ని అన్నయ్య చెవి పట్టేసింది.

డెక్ మోటారు వెనక చిన్న రంధ్రం ఉంది, అందులో సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి వేగం మార్చవచ్చు. నేను ముట్టుకోలేదు. ఒక్కో టేపుకి ఒక్కో తేడా ఉన్నప్పుడు ఫైలులో సరిచేయడమే మేలు. అది కూడా స్పీడ్ మార్చే ఎఫెక్ట్‌తోనే చేయాలి. పిచ్ ఒక్కటే మార్చేదానితో చేస్తే వయొలిన్ వణుకుతుంది, ఆ తప్పు కూడా నేను ఒకసారి చేశాను. సరిచేసిన ఫైలు పంపితే అన్నయ్య ఏమీ అనలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి, దానితో కలిసి వాయించి, ఆ రికార్డింగ్ నాకు పంపాడు.

ఇరవై ఐదు క్యాసెట్లు అలా ఒడ్డెక్కాయి. మిగిలినదానిలో కరెంటు మోత అసలు లేదు, అది బ్యాటరీల మీద చేసింది. పైగా రెండో పక్క సగం దాటాక శ్రుతి మెల్లగా పైకి పాకుతూ పోతుంది. బ్యాటరీలు నీరసించి అప్పట్లో టేపు నెమ్మదించింది, ఇప్పుడు మామూలు వేగంతో వినిపిస్తుంటే పరుగెడుతోంది. చివర్లో నాన్న, పిచుక గొంతుతో, "చాల్లేరా, బ్యాటరీలు అయిపోయేట్టున్నాయి" అంటారు. దాన్ని ముక్కముక్కగా సరిచేయవచ్చని అన్నయ్యకి చెప్పాను. వద్దన్నాడు.