అట్టు చుట్టిన బర్గర్

శనివారం, సింగపూర్.

రాత్రి ఏడున్నరకి బెడోక్ వైపు ఓ హాకర్ సెంటర్‌లో (ఒకే కప్పు కింద బోలెడు తిండి స్టాళ్ళు ఉండే చోటు) నలుగురం కలిశాం. శనివారం ఆ వేళకి బల్ల దొరికితే సగం పని అయినట్టే. ఖాళీ కనబడగానే టిష్యూ ప్యాకెట్ పడేసి 'చోప్' చెయ్యాలి, అంటే బల్ల మనదని ఆపుకోవాలి. క్యూ సంగతి ఆ తర్వాత. బల్ల మీదున్న నంబరు కూడా గుర్తుపెట్టుకోవాలి, తెచ్చిచ్చే స్టాళ్ళవాళ్ళు అదే అడుగుతారు.

ఇవాళ చూద్దామనుకున్నవి రెండు రకాలు: కొత్త స్టాళ్ళలో దొరికే స్మాష్ బర్గర్, మలేషియా రోడ్ల పక్కన పుట్టిన రామ్లీ బర్గర్. రామ్లీ అనేది అక్కడి కంపెనీ పేరు. కానీ గుడ్డు చుట్టి ఇచ్చే పద్ధతికే ఆ పేరు స్థిరపడిపోయింది.

స్మాష్ బర్గర్‌లో కిటుకంతా మొదటి అర నిమిషంలోనే ఉంది. ఐదో వంతు కొవ్వున్న ఖీమాని 70–80 గ్రాముల ఉండలు చేసి చల్లగా ఉంచుతారు. పెనం పొగలొచ్చేంత వేడెక్కాక ఉండ పెట్టి, వెంటనే బరువైన అట్లకాడతో పల్చగా నొక్కేయాలి. కొవ్వు అప్పటికింకా గడ్డగానే ఉంటుంది కాబట్టి రసం ఎటూ పోదు. నిమిషం ఆగి నొక్కితే కరిగిన కొవ్వూ రసమూ కలిసి పెనం మీదికి పారతాయి, మిగిలేది పిప్పి. ఉప్పు కూడా నొక్కిన తర్వాతే. ముందే కలిపి ఉంచితే ఖీమా బిగిసి, కొరికితే సాసేజ్‌లా సాగుతుంది. తిరగేసేటప్పుడు అట్లకాడ అంచుతో గీకి తీయాలి. అడుగున అంటుకున్న ఎర్రటి పొరలోనే రుచంతా ఉంది, అది పెనానికే వదిలేస్తే ఇక నొక్కి లాభమేంటి?

ఆ పొర ఆయుష్షు ఐదు నిమిషాలు. మేం చేసిన తప్పు అక్కడే. ముందు బర్గర్లు తెచ్చుకుని, తర్వాత సాతే (పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం) క్యూలో నిలబడ్డాం. పావుగంటకి కాగితం విప్పితే లోపలి ఆవిరికి పొర మెత్తబడింది, అడుగు బన్ను తడిసి చేతికొచ్చింది. హాకర్ సెంటర్‌లో అన్నీ తెచ్చి మధ్యలో పెట్టి పంచుకోవడం అలవాటు. స్మాష్ బర్గర్ దగ్గర అది కుదరదు. సాతే, చెరుకురసం బల్ల మీదికి వచ్చాకే దాని క్యూలోకి వెళ్ళాలి. విప్పగానే సగానికి కోసి తినేయాలి.

రామ్లీకి ఆ తొందర లేదు. పెనం మీద మార్గరిన్ వేసి బన్నుల లోపలి వైపు కాలుస్తారు. పాటీ (బన్ను మధ్య పెట్టే మాంసం బిళ్ళ) రెండు వైపులా కాలాక మధ్యకి చీల్చి పుస్తకంలా తెరిచి, లోపలి వైపు కూడా కాలుస్తారు. మిరియాల పొడి, మ్యాగీ సీజనింగ్ పడతాయి. (మ్యాగీ అంటే మన నూడిల్స్ మసాలా కాదు, సోయా సాసులా నల్లగా, ఉప్పగా ఉండే ద్రవం.) పక్కనే గుడ్డు కొట్టి, పచ్చసొన చిదిపి, అట్లకాడతో చదరంగా పరుస్తారు. అట్టు పైభాగం ఇంకా పచ్చిగా ఉండగానే పాటీని మధ్యలో పెట్టి నాలుగు వైపులా మడిచేస్తారు, పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచినట్టే. పూర్తిగా ఉడికిపోతే మడతలో విరుగుతుంది, మరీ పచ్చిగా ఉంటే చిరుగుతుంది. ఆపైన క్యాబేజీ తరుగు, ఉల్లిపాయ, మయోనైజ్, చిల్లీ సాసు.

నా లెక్కలో గెలిచింది ఇదే. రసం, సాసు బన్నుకి చేరకుండా అట్టు అడ్డుపడుతుంది, పాటీ వేడీ నిలుస్తుంది. అసలు ఇందులో కరకరలాడాల్సింది ఏదీ లేదు కాబట్టి ఆవిరికి చెడేదీ లేదు. సాసు మాత్రం తగ్గించమని చెప్పాలి, లేకపోతే మోచేతుల దాకా కారుతుంది.

మాలో ఇద్దరు బీఫ్ తినరు. చికెన్ పాటీ ఉన్నా, బీఫ్ కాల్చే పెనమూ అట్లకాడా అదే కావచ్చు. పట్టింపు ఉంటే ఆర్డర్‌కి ముందే అడగాలి. అడిగితే తప్పుగా అనుకోరు, ఓ పక్క తుడిచి వేరుగా వేస్తారు. అది చాలదనుకునేవాళ్ళు మరో స్టాలు చూసుకోవడం మేలు.

లేచేటప్పుడు ట్రేలు మనమే తీయాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు, మొదటిసారి హెచ్చరిక, తర్వాత జరిమానా. హలాల్ ట్రేలకి అర వేరుగా ఉంటుంది, బోర్డు చూసి పెట్టాలి. మేం అరల దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చేలోపే రెండు మైనాలు బల్లెక్కి మిగిలిన బన్ను ముక్కలు పంచుకుంటున్నాయి.