కుక్కర్ విజిల్‌కి లేవని పిల్ల

మా బాక్సర్ జాతి ఆడకుక్క చుక్కి మొదటి పురుడు 2021 నవంబరులో. ఆ మధ్యాహ్నం థర్మామీటరు పెడితే 98.6 చూపించింది. బాక్సర్‌కి మామూలుగా 101 దాటి ఉంటుంది. 99 కిందికి దిగిందంటే ఒక రోజులోపు నొప్పులు వస్తాయి. మర్నాడు స్కూలుకి సెలవు చెప్పేసి వరండా గదిలో పాత దుప్పట్లు పరిచాను. రాత్రి పదిన్నరకి మొదటి పిల్ల, తెల్లవారుజామున నాలుగింటికి ఏడోది. అత్తయ్యగారు ఒక్కోదాన్నీ తువ్వాలుతో రుద్ది ఊపిరి అందుకునేదాకా చూసి చుక్కి పొట్ట దగ్గర పెట్టారు. ఏడింటిలో ఐదు గోధుమరంగువి. రెండు మాత్రం ముక్కు నుంచి తోక దాకా తెలుపు.

కుక్కల్ని చాలా ఏళ్ళుగా పెంచుతున్న ఒక పెద్దాయనకి పొద్దున్నే ఫోన్ చేశాను. "తెల్లవి ఎన్ని?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. రెండని చెప్పాను. "వాటిని తల్లి దగ్గర ఉంచకండి మేడమ్, ఎవరూ కొనరు" అన్నారు. ఉంచకపోతే ఏమవుతాయో నాకు తెలుసు. ఫోన్ పెట్టేసి వెళ్ళి ఆ రెండింటినీ పాలు ఎక్కువగా పడే వెనక రొమ్ములకి పట్టించాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు, జత కలిపింది నేను. చుక్కికి రొమ్ము మీద, మెడ చుట్టూ, నాలుగు కాళ్ళకీ తెలుపు ఉంది. దీన్నే ఫ్లాషీ అంటారు. విజయవాడ నుంచి తెచ్చిన మగకుక్క కూడా ఫ్లాషీయే. రెండూ చూడముచ్చటగా ఉన్నాయని క్రాసింగ్ చేయించాం. చుక్కికి అప్పటికి రెండున్నరేళ్ళు, గుండె పరీక్ష చేయించాను, టీకాలన్నీ వేయించాను, రంగు సంగతి మాత్రం అడగలేదు. తెలుపుని తెచ్చే జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే ఫ్లాషీ, ఇద్దరి నుంచీ వస్తే పూర్తి తెలుపు, అసలు రాకపోతే నిండు రంగు. ఫ్లాషీకి ఫ్లాషీని కలిపితే సగటున నాలుగింట ఒక పిల్ల తెల్లగా పుడుతుంది. ఒంటి మీద తెలుపు మూడో వంతు మించితే కుక్కల ప్రదర్శనల్లో లోపంగా చూస్తారు కాబట్టి తెల్లవాటికి గిరాకీ లేదు. కుక్క జన్యుపటం మొత్తం చదివి 2005లో ప్రకటించినప్పుడు, అందుకు వాడింది టాషా అనే బాక్సర్ డీఎన్‌ఏనే. ఈ తెలుపు జన్యువు ఎక్కడుందో కనిపెట్టిన 2007 పరిశోధనలోనూ తెల్ల బాక్సర్లనీ రంగు బాక్సర్లనీ పోల్చే చూశారు. అంటే ఈ జాతి గురించి ఇంత తెలిసి ఉంది. జత కలిపే ముందు పది నిమిషాలు చదివితే చాలేది.

ఒక తెల్లపిల్లకి వినపడదన్న సంగతి కనిపెట్టింది అత్తయ్యగారే. పిల్లలకి ఐదో వారం. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఆరు పిల్లలూ ఉలిక్కిపడి లేచి చెవులు నిక్కించేవి. ఒక తెల్లపిల్ల మాత్రం పక్కపిల్ల మీద తల పెట్టుకుని అలాగే నిద్రపోయేది. "అమ్మాయ్, ఈ పిల్లకి చెవులు వినపడుతున్నట్టు లేదే" అన్నారు. నేను నమ్మక వెనక నిలబడి స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టాను. కదల్లేదు. గిన్నె నేల మీద పడేస్తే మాత్రం చటుక్కున తిరిగింది, గచ్చు అదిరింది కదా. చెవి లోపల రంగు కణాలు లేకపోతే వినికిడి కణాలకి పోషణ అందదు, పుట్టిన కొన్ని వారాలకే అవి చచ్చుబడతాయి. తెల్ల బాక్సర్లన్నిటికీ ఇలా కాదు. రెండో తెల్లపిల్లకి చక్కగా వినపడుతుంది, మంగళగిరిలో మా స్నేహితురాలింట్లో పెరుగుతోంది. వినపడనిది మాకు ఉండిపోయింది. పేరు జున్ను.

శిక్షణ ఇవ్వడం కష్టమనే అందరూ అన్నారు. నిజానికి మొదటి నెలంతా ఒక్కటే నేర్పాను, నా ముఖం వైపు చూడటం. చూసినప్పుడల్లా బొటనవేలు పైకెత్తి ఉడికించిన కందనకాయ ముక్క పెట్టేదాన్ని. మనం "శభాష్" అనడం ఎలాగో దానికి ఆ వేలు అలాగ. అరచెయ్యి పైకి లేపితే కూర్చోవాలి, చెయ్యి గుండెల వైపు లాక్కుంటే రావాలి. చీకటి పడ్డాక పెరట్లో ఉంటే వరండా లైటు రెండుసార్లు ఆర్పి వేస్తాం, పరుగెత్తుకొస్తుంది. బాక్సర్లు మనిషి కనపడితే ముందుకాళ్ళెత్తి మీదికి దూకుతాయి. అలా దూకితే ఇంట్లో అందరం వెనక్కి తిరిగి నిలబడేవాళ్ళం, నాలుగు కాళ్ళూ నేలమీద ఆనితేనే ముద్దు చేసేవాళ్ళం. మా చిన్నాడు ఒప్పుకోక ప్రతిసారీ ఎత్తుకునేవాడు, అందుకే ఆ అలవాటు మానడానికి ఏడాది పట్టింది.

వినపడని కుక్కని నిద్రలో ఉన్నప్పుడు తట్టి లేపితే అదిరిపడుతుంది, భయంతో కరిచినా కరుస్తుంది. అందుకని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి వాసన తగలనిచ్చి, భుజం మీద మెల్లగా రాసి, కళ్ళు తెరవగానే తినడానికి ఏదో ఒకటి పెట్టేవాళ్ళం. రోజుకి ఐదారుసార్లు, మూడు నెలలు. ఇప్పుడు ఎవరు తాకినా తోక ఊపుతూ లేస్తుంది. బయట మాత్రం గొలుసు విప్పేది లేదు, వెనక వచ్చే బండి హారన్ దానికి చేరదు.

ఒంటి సంరక్షణ తేలికే. పొట్టి వెంట్రుకలు, వారానికోసారి రబ్బరు బ్రష్ చాలు. శ్రద్ధ పెట్టాల్సింది మూతి ముడతల మీద. చొంగ, అన్నం మెతుకులు చేరి రెండ్రోజుల్లో వాసన వస్తుంది, ఆ పైన చర్మం ఎర్రబడుతుంది. తడి దూదితో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. తడి మిగిలితే అసలు తుడవకపోవడమే నయం.

మా గుంటూరు ఎండే దానికి పెద్ద శత్రువు. చప్పిడి ముక్కు కుక్కలు ఒగర్చినా ఒళ్ళు త్వరగా చల్లబడదు, దానికి తోడు జున్ను చర్మం గులాబీరంగు. మొదటి వేసవిలో అరగంట మేడమీద ఉంటే చెవుల అంచులు కమిలిపోయాయి. ఇప్పుడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున ఐదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకి ఒకసారి తిప్పుతాం. రాత్రి కూడా ముందు నా చెప్పు విప్పి రోడ్డు మీద పాదం ఆనించి చూస్తాను. మనుషుల సన్‌స్క్రీన్‌లో చాలావాటిలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, కుక్క దాన్ని నాకితే ప్రమాదం, అందుకే కుక్కలకని అమ్మేదే కొంటాను.

ఏడాదిన్నరకి జున్నుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. మత్తు ఇచ్చేముందు ఏసిప్రోమజిన్ అనే మగతమందు బాక్సర్లకి పడకపోవచ్చని డాక్టరుగారికి గుర్తుచేశాను, వేరే మందు వాడారు. బాక్సర్ ఉన్నవాళ్ళు ఈ ముక్క రాసి ఫైలులో పెట్టుకోండి.

చుక్కి మళ్ళీ 2023లో ఈనింది. ఈసారి మచ్చలేని నిండు గోధుమరంగు మగకుక్క కోసం ఒంగోలు దాకా వెళ్ళాను. ఆరు పిల్లలు, మూడు ఫ్లాషీ, మూడు నిండు రంగు. ఎనిమిది వారాలు నిండాకే ఇచ్చాను. చుక్కికి ఇక ఇదే ఆఖరి కాన్పు.

ఇది రాస్తుంటే వంటింట్లో మూడో విజిల్ వచ్చింది. చుక్కి లేచి గుమ్మం దాకా వెళ్ళింది. జున్ను, అత్తయ్యగారి పాదం మీద గడ్డం ఆనించి పడుకునే ఉంది. ఎప్పుడూ అలాగే పడుకుంటుంది. ఆవిడ కుక్కర్ దించడానికి పాదం కాస్త వెనక్కి లాక్కున్నారో లేదో, ఆవిడకంటే ముందే లేచి నిలబడింది.