అమ్మ పాత ఫోనులో నంబర్లు మళ్లీ ఎక్కించాను: నా అనుభవం

మా అమ్మ ఇప్పటికీ నోకియా 1100 వాడుతుంది. 2003లో వచ్చిన మోడల్. పైన టార్చిలైటు, నలుపు తెలుపు తెర, మధ్యలో ఒకే పెద్ద మీట. కోనసీమలో మా ఊళ్లో వానాకాలం రాత్రిళ్లు కరెంటు పోతే ఆ టార్చితోనే పెరట్లోకి వెళ్తుంది. స్మార్ట్‌ఫోన్ కూడా కొనిచ్చాం. కువైట్ నుంచి అన్నయ్య వీడియో కాల్ చేస్తే అందులో మాట్లాడుతుంది. తను ఎవరికైనా ఫోన్ చెయ్యాలంటే మాత్రం పాతదే కావాలి. నున్నటి అద్దం మీద వేలు ఎక్కడ ఆనించాలో తనకు అంతుపట్టదు. శుక్లాల ఆపరేషన్ అయినా చిన్న అక్షరాలు కనపడవు. ఇంగ్లీషు చదవడం రాదు, అంకెలు మాత్రం బాగా వచ్చు.

సంక్రాంతికి ఊరెళ్లేసరికి ఆ ఫోను మూగపోయి ఉంది. సిమ్ పాడైంది. అదే నంబరుతో కొత్త సిమ్ తెచ్చి పెట్టాం. ఫోను మోగుతోంది, మాట వినపడుతోంది, కానీ పేర్లు ఒక్కటీ లేవు. నంబరు అదే కదా, పేర్లు కూడా వెనక్కి వస్తాయని అమ్మ ఆశ. అవి రావు. పాత ఫోన్లలో పేర్లు దాచుకునే చోట్లు రెండు: ఒకటి సిమ్, రెండోది ఫోను సొంత మెమరీ. సిమ్‌లో రాసినవి ఆ చిప్పులోనే ఉంటాయి. అది చదవడానికి వీల్లేకుండా పోతే వాటి పని అంతే. అమ్మ నంబర్లన్నీ, ఎప్పుడో ఎవరో ఎక్కించినవి, సిమ్‌లోనే ఉండేవట.

కొత్త సిమ్ విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఈ ఫోను పాత తరం నెట్‌వర్క్ అయిన 2జీ మీదే నడుస్తుంది. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ ఇందులో పని చెయ్యదు. ఇంకొకటి, ఇప్పుడిచ్చే సిమ్ కార్డులో గోరంత ముక్క విడిగా ఊడి వచ్చేలా గాట్లు ఉంటాయి. పాత ఫోనుకు ఆ చిన్న ముక్క సరిపోదు, చుట్టూ ఉన్న చట్రంతో కలిపి పెద్ద సైజులోనే తియ్యాలి. షాపు అబ్బాయి అలవాటు కొద్దీ చిన్నది ఊడదియ్యబోతుంటే ముందే ఆపాను.

ఇక నంబర్లు పోగు చెయ్యాలి. నాన్న రాసిన డైరీ ఉంది. నాన్న దస్తూరీ గుండ్రంగా, ముద్దగా ఉంటుంది. ఒక్కో పేరు ముందు బంధుత్వం కూడా రాసుకునేవారు. డైరీలో సగానికి పైగా ల్యాండ్‌లైన్లే. అమలాపురం నంబర్లకు ఆరు అంకెలే రాసి ఉన్నాయి. ల్యాండ్‌లైన్ నుంచి అదే ఊరికి చెయ్యడానికి అవి చాలు. మొబైల్ నుంచి చెయ్యాలంటే పక్క వీధికైనా ఎస్టీడీ కోడ్ కావాల్సిందే. అమలాపురానికి 08856, రాజమండ్రికి 0883, కాకినాడకు 0884. ఒక్కో నంబరూ నా ఫోను నుంచి చేసి చూశాను. చాలావరకు తీసేసిన లైన్లే. కొన్నిచోట్ల ఎత్తినవాళ్లు నాన్న పేరు చెప్పగానే గుర్తుపట్టి, తమ మొబైల్ నంబరిచ్చి, అమ్మ ఎలా ఉందని అడిగారు. ఈ పని ఒకరికి అప్పజెప్పేది కాదని నాకు అప్పుడే అనిపించింది. పెద్దవాళ్ల ఫోన్ బుక్కులో ఎవరుండాలో తేల్చడానికి ఇంట్లో మనిషి కూర్చోవాలి.

నంబరు ఎలా రాయాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ప్రతి నంబరూ ప్లస్‌తోనే రాయాలి. ఇక్కడి మొబైల్ అయితే ప్లస్ 91, తర్వాత పది అంకెలు. ఒకప్పుడు వేరే రాష్ట్రపు మొబైల్‌కు ముందు సున్నా కొట్టాల్సి వచ్చేది, అందుకే పాత డైరీల్లో కొన్ని సున్నాతో, కొన్ని సున్నా లేకుండా కనిపిస్తాయి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లోంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి అయింది. ప్లస్ 91తో రాసుకుంటే మొబైల్‌లో ఈ సున్నాల గొడవే ఉండదు. అమ్మ రేపు అన్నయ్య దగ్గరికి కువైట్ వెళ్లినా అవే నంబర్లు పని చేస్తాయి. ఎస్టీడీ నంబర్లకైతే కోడ్ ముందున్న సున్నా తీసెయ్యాలి: ప్లస్ 91, 8856, ఆ తర్వాత ఆరు అంకెలు. అన్నయ్యది ప్లస్ 965, దాని తర్వాత ఎనిమిది అంకెలు. ఈ ఫోనులో ప్లస్ రావాలంటే నక్షత్రం మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. 108, 112, కరెంటు ఫిర్యాదుల 1912, గ్యాస్ లీకుకు 1906 లాంటి చిన్న నంబర్లకు మాత్రం ముందు ఏమీ చేర్చకూడదు.

ఎక్కడ దాచాలి? నోకియా 1100 సొంత మెమరీలో 50 పేర్లు పడతాయి. సిమ్‌లో సాధారణంగా అంతకంటే చాలా ఎక్కువ పడతాయి. మెనూలో కాంటాక్ట్స్‌లోకి వెళ్లి, సెట్టింగ్స్‌లో ఏ మెమరీ వాడాలో ఎంచుకోవచ్చు, ఎంత ఖాళీ ఉందో కూడా అక్కడే కనపడుతుంది. నేను ముందు అన్నీ సిమ్‌లో రాసి, తర్వాత కాపీ అన్న ఆప్షన్‌తో ఫోనులోకి కూడా దించాను. ఇప్పుడు సిమ్ పోతే ఫోనులో ఉంటాయి, ఫోను పోతే సిమ్‌లో ఉంటాయి. పేర్ల జాబితాలో ఒక్కొక్కరు రెండుసార్లు కనపడకుండా చూపించేది సిమ్ మెమరీ ఒక్కటే అని పెట్టాను.

అసలు ఆలోచించాల్సింది పేర్ల దగ్గర. ఇంగ్లీషులో "అన్నయ్య" అని ఎంత చక్కగా రాసినా అమ్మకు అది గీతల వరసే. ఈ ఫోనులో తెలుగు లేదు. అమ్మకు అంకెలు వచ్చు కదా, వాటి మీదే మొత్తం నడిపిద్దాం అనుకున్నాను. ప్రతి ముఖ్యమైన మనిషికీ ఒక అంకె. పేరు మొదట్లోనే ఆ అంకె. పేరు రాసేటప్పుడు ఏ మీటనైనా కాసేపు నొక్కి పట్టుకుంటే అక్షరానికి బదులు అంకె పడుతుంది. అన్నయ్యకు 2, నాకు 3, రాజమండ్రి పిన్నికి 4. అన్నయ్య ఫోన్ చేస్తే తెర మీద ముందుగా 2 కనపడుతుంది. జాబితా తెరిచినా అంకెలున్న పేర్లు అక్షరాల పేర్ల కంటే ముందు వస్తున్నాయి. వెతుక్కోవాల్సిన పని లేదు.

దీనివల్ల ఇంకో పెద్ద మేలు జరిగింది. ముందు ఈ ఒంటి అంకె లేని ఫోన్ వస్తే అది తన మనుషుల నుంచి కాదని అమ్మకు వెంటనే తెలిసిపోతుంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి అనే వాళ్ల ఫోన్లు మా ఊరి పెద్దవాళ్లకు రోజూ వస్తున్నాయి. "అంకె లేకపోతే ఏమీ చెప్పకు, పెట్టేసి నాకు చెయ్యి" అన్న ఒక్క మాట అమ్మ బాగా పట్టుకుంది.

అదే అంకెను మీటకు కూడా తగిలించాను. కాంటాక్ట్స్‌లో స్పీడ్ డయల్స్ అని ఉంటుంది. 1 మీట వాయిస్ మెయిల్‌కు కేటాయించి ఉంటుంది కాబట్టి మనకు మిగిలేవి 2 నుంచి 9 దాకా ఎనిమిది. ఒక్కో మీటకు ఒక్కో పేరు ఎంచుకోవాలి. తర్వాత సెట్టింగ్స్‌లో కాల్ సెట్టింగ్స్‌కు వెళ్లి స్పీడ్ డయలింగ్ ఆన్ చెయ్యాలి. ఈ రెండోది చెయ్యకపోతే మీట నొక్కి పట్టుకున్నా ఫోను కదలదు. ఆన్ చేశాక 2 నొక్కి పట్టుకుంటే నేరుగా కువైట్‌లో ఫోను మోగుతుంది.

స్పీడ్ డయల్ ఏర్పాటు ఫోనుకు సంబంధించింది. ఫోను మారిస్తే మళ్లీ చేసుకోవాలి. సిమ్‌కు దానిదైన దారి ఇంకొకటి ఉంది, దాని గురించి చాలా తక్కువ మంది మాట్లాడతారు. సిమ్‌లో ప్రతి పేరుకూ ఒక వరస గడి ఉంటుంది. ఆ గడి అంకె కొట్టి వెంటనే హ్యాష్ నొక్కితే, అంటే 2# కొడితే, రెండో గడిలోని నంబరు తెర మీదికి వస్తుంది. ఇక కాల్ నొక్కడమే. మొబైల్ నెట్‌వర్కులకు పెట్టుకున్న జీఎస్ఎం ప్రమాణాల్లోనే ఉన్న పద్ధతి ఇది. కొత్త సిమ్ పూర్తిగా ఖాళీ కాబట్టి నేను వరసగా ఎక్కించినవి వరసగానే గడుల్లో కూర్చున్నాయి. అందుకే పేర్లను అక్షర క్రమంలో కాకుండా అంకెల క్రమంలో ఎక్కించాను. మొదటి గడిలో అమ్మ సొంత నంబరే పెట్టాను. ఎవరైనా "మీ నంబరెంతండీ" అని అడిగితే 1# కొట్టి చూపిస్తుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, రేషన్ డిపోలో ఎక్కడికెళ్లినా ముందు అడిగేది అదే కదా. అమ్మ సిమ్ తీసి పక్కింటి వాళ్ల కీప్యాడ్ ఫోనులో పెట్టి చూశాం. అక్కడా 2# అంటే అన్నయ్య నంబరే వచ్చింది.

ఎవరికి ఏ మీట అన్నదాని మీద అమ్మకూ నాకూ కాసేపు వాదన జరిగింది. 5 మీట మీద చిన్న బొడిపె ఉంటుంది. చీకట్లో, కళ్లజోడు లేకపోయినా వేలికి తగిలేది అదొక్కటే. అమ్మ దాని మీద నా పేరు పెట్టమంది.

"రాత్రి ఏదైనా అయితే ముందు నీకే కదే చేసేది," అంది.

"నేను హైదరాబాద్‌లో ఉన్నాను అమ్మా. నేను టెన్షన్ పడతాను గానీ నీ దగ్గరికి రాలేను. అత్తయ్య రెండు నిమిషాల్లో వస్తుంది."

అత్తయ్య అంటే పక్కింట్లో ఉండే మా దూరపు చుట్టం, అమ్మకు వదిన వరస. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. కూతురి కంటే పక్కింటావిడ ముందా అని బాధపడిందేమో. చివరికి "సరేలే, వదిననే పెట్టు" అంది. చేతికి ముందు తగిలే మీట మనకు బాగా దగ్గరైన మనిషికి ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వాల్సింది దగ్గర్లో ఉన్న మనిషికి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫోను సర్దేవాళ్లందరికీ ఈ మాట చెప్పాలని నా కోరిక.

మిగతావి తొందరగానే తేలాయి. 6 మావయ్య, 7 డాక్టరు గారి క్లినిక్, 8 మీట 108కి. సాయం కావాల్సిన వేళ మూడు అంకెలు వెతికి కొట్టడం కంటే ఒక మీట నొక్కి పట్టుకోవడం తేలికని అమ్మే అడిగి పెట్టించుకుంది.

నేర్పడం అనుకున్నంత కష్టం కాలేదు. ఉప్పు ఎప్పుడూ చెంచాతో కొలవని మనిషి, చేతి అంచనాతో వేస్తుంది. మీటలు కూడా అలాగే పట్టుకుంది. బొడిపె ఉన్నది 5, దాని పైన 2, కింద 8, ఎడమన 4, కుడిన 6. కాగితం మీద గీసి ఇస్తే పక్కన పెట్టేసింది. కళ్లు మూసుకుని తడుముతూ నేర్చుకుంది. ఇబ్బంది పెట్టింది లాక్ ఒక్కటే. మీటలకు లాక్ పడి ఉంటే నొక్కి పట్టుకున్నా పని జరగదు. ముందు మధ్య మీట, వెంటనే నక్షత్రం, అప్పుడు అంకె. "మధ్యది, చుక్క, మనిషి" అని అమ్మ తనకు తనే పాఠంలా చెప్పుకుంది. ఒక్కోసారి పట్టు చాలక తెర మీద ఉత్త 5 పడుతుంది. అప్పుడు కంగారు పడక్కర్లేదు, మధ్య మీట నొక్కితే అదీ అత్తయ్యకే వెళ్తుంది. ఈ ఫోనులో కాల్ చెయ్యడానికీ ముగించడానికీ మీట అదే కాబట్టి మాట అయ్యాక పెట్టెయ్యడం కూడా అక్కడే.

నేను కొబ్బరితోటలోకి వెళ్లి నిలబడితే అమ్మ వసారాలోంచి నాకు చేసింది. తర్వాత పిన్నికి, మావయ్యకు చేసింది. పిన్ని ఎత్తగానే "నేనే చేశాను, ఎవరూ కలిపివ్వలేదు" అని చెప్పింది.

అది విని పిన్ని తనకూ అలా చేసిపెట్టమంది. ఆమెది ఈమధ్య కొన్న కీప్యాడ్ ఫోను, అందులో తెలుగు ఉంది. పిన్ని తెలుగు చదువుతుంది కదా, పేర్లు తెలుగులోనే పెడదామని సిమ్‌లో రాయబోతే సగంలో తెగిపోతున్నాయి. సిమ్‌లో పేరుకిచ్చే చోటు కొంచెమే. మన కంటికి "లక్ష్మి" రెండు మూడు అక్షరాల పేరు. ఫోను లెక్కలో అది ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పైగా తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం కంటే ఎక్కువ చోటు పట్టింది. అందుకని ఆమె పేర్లు ఫోను మెమరీలో తెలుగులో పెట్టి, సిమ్‌లో ఇంగ్లీషువే ఉంచాను. మీ వాళ్ల ఫోనులో తెలుగు ఉంటే దాన్ని తప్పక వాడండి. మనవాళ్ల పేర్లు మన లిపిలో కనపడినప్పుడు పిన్ని ముఖంలో వచ్చిన వెలుగు చూసి చెబుతున్నాను.

చివరికి అన్నీ ఒక కాగితం మీద పెద్ద అంకెలతో తెలుగులో రాసి, నాన్న డైరీలో మొదటి పేజీకి అంటించాను. ఫోటో తీసి అన్నయ్యకు పంపాను. ఇంకా 9 మీట మిగిలింది. దాన్ని హైదరాబాద్‌లో మా ఇంటి రెండో నంబరుకు ఇద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. కొబ్బరి దింపు తీసే అతని నంబరు పెట్టమంది. దింపు వేళ దాటితే కాయలు రాలి పాడవుతాయని, అతనికి ఫోన్ చెయ్యడానికి ప్రతిసారీ వీధిలో పిల్లల్ని బతిమాలాల్సి వస్తోందని చెప్పింది. 9 అతనికే ఇచ్చాం. నేను ఊరు వదిలే ముందే అతనికి ఫోన్ చేసి దింపుకు రోజు ఖాయం చేసుకుంది.